గెట్టు పంచాయితీ

గీజరు బాగుచేసిన మెకానిక్ పోతూ పోతూ పాత రాడ్‌ను ప్రహరీ గోడ మీద పెట్టి వెళ్లాడు. "అయిపోయింది సార్ ఇది. కొత్తది ఏసిన. మీ బోరు నీళ్లకు ఏది ఆగుతది?" అన్నాడు. పాలకుర్తిలో బోరు నీళ్ల సంగతి కొత్తగా చెప్పేదేముంది, బకెట్ అంచున తెల్లని పెచ్చు కట్టని ఇల్లు అరుదు. నేను ఆ రాడ్‌ను చేతిలోకి తీసుకున్నది పారేయడానికే. పారేయలేకపోయాను. బొటనవేలంత లావున నున్నగా ఉండాల్సిన కడ్డీ అది. ఒకచోట లోపలి ఉక్కు తీగ బయటపడేదాకా నీళ్లు తినేశాయి. దానికి రెండంగుళాల దూరంలో కొన్ననాటి లావు దాదాపు అలాగే ఉంది. ఇంకోచోట ఆవగింజ పట్టేటన్ని గుంటలు, ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ. ఒక పక్క బూడిదరంగు, ఒక పక్క నలుపు, మధ్యలో వేలితో రాస్తే రాలే తెల్లని పొడి. ఒకే తొట్టి, ఒకే నీళ్లు, ఒకే వేడి, ఒకే కాలం. మరి తినడం ఒకే తీరుగా ఎందుకు జరగలేదు? లోహశాస్త్రం చదువుకున్నవాడికి దీని జవాబు తెలిసే ఉండాలి కదా? తెలుసు. ఆ తెలిసిన జవాబు చేతిలో ఉన్న వస్తువుకు సరిపోతుందా లేదా అన్నదే అప్పటి నుంచీ నన్ను వదలడం లేదు.

ఆ కడ్డీ మెగ్నీషియం. గీజరు తొట్టిని ఉక్కుతో చేసి లోపల గాజు లాంటి పూత వేస్తారు. పూత ఎక్కడో సన్నగా పగులుతుంది, అక్కడ నీళ్లు ఉక్కును పట్టుకుంటాయి. ఆ ఉక్కుకు కలిపి మెగ్నీషియం కడ్డీని నీళ్లలోకి దింపితే, ఎలక్ట్రాన్లు వదులుకునే పని ఉక్కు దాకా రానీయకుండా మెగ్నీషియమే తన మీద వేసుకుంటుంది. ఇనుము ప్రామాణిక పొటెన్షియల్ మైనస్ 0.44 వోల్టులైతే మెగ్నీషియంది మైనస్ 2.37. యంత్రాల్లో, వాహనాల్లో వాడే లోహాల్లో ఇంత తేలిగ్గా కరిగిపోయేది మరొకటి లేదు. కిలో మెగ్నీషియం లెక్క ప్రకారం 2,200 ఆంపియర్-గంటల విద్యుత్తు ఇవ్వాలి. వాడకంలో తొట్టిని కాపాడటానికి అందేది అందులో సుమారు సగమే. మిగతా సగం ఏమవుతుంది? హైడ్రోజన్ బుడగలై పోతుంది. తొట్టితో ఏ సంబంధమూ లేకుండా, కడ్డీలో ఒక చోటు తన పక్క చోటును తినడంలో ఖర్చవుతుంది. చదువుకునే రోజుల్లో ఈ అంకెను పరీక్ష కోసం బట్టీపట్టి దాటి వెళ్లిపోయాను. ఇప్పుడు దాటలేకపోతున్నాను. మరొకదాని కోసం కరిగిపోవడానికే చేసిన వస్తువు, తన ఒంట్లో సగాన్ని తనలో తాను తగువుపడటంలోనే పోగొట్టుకుంటోంది. ఆ తగువు ఎవరెవరి మధ్య?

వరంగల్ ఆర్.ఈ.సి.లో మెటలర్జీ చదివినవాణ్ని. 1959లో నెహ్రూ పునాదిరాయి వేసిన కాలేజీ, ఇప్పటి ఎన్.ఐ.టి. అక్కడి లాబ్‌లో మాకు మొదట నేర్పింది లోహాన్ని చూడటం. చిన్న ముక్కను కోసి, బేకలైట్‌లో బిగించి, ఎమెరీ కాగితాల మీద ముతక నుంచి సన్నానికి రుద్దుకుంటూ పోవాలి. కాగితం మార్చిన ప్రతిసారీ ముక్కను అడ్డంగా తిప్పి, పాత గీతలన్నీ పోయేదాకా రుద్దాలి. ఇనుమైతే ఓపిక ఉంటే చాలు. మెగ్నీషియం మెత్తన, గీత పడితే ఓ పట్టాన పోదు. నీళ్లు తగిలితే మెరుపు అక్కడికక్కడే మసకబారుతుంది, అందుకని చివరి పాలిష్‌కు నీళ్ల బదులు ఆల్కహాల్ వాడతారు. ఇంతా చేసి మైక్రోస్కోపు కింద పెడితే దాదాపు ఏమీ కనపడదు, ఉత్త తెల్లని వెలుగు. పిక్రిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌లో కొన్ని సెకన్లు ముంచి తీసి, ఆరబెట్టి, మళ్లీ పెట్టాలి. అప్పుడు గ్రెయిన్లు, అంటే లోహంలోని స్ఫటికాలు, బయటపడతాయి, వాటి మధ్య సన్నని నల్లని హద్దులు బయటపడతాయి, హద్దుల వెంట ఏమేం పేరుకుందో అదీ బయటపడుతుంది. అప్పట్లో దీన్ని ఒక పద్ధతిగా నేర్చుకున్నామే తప్ప దాని అర్థం మీద మనసు పెట్టలేదు. లోహం లోపలి అమరికను చూడాలంటే దాన్ని కొద్దిగా తిననివ్వాలి. తినే తీరులోనే అమరిక కనపడుతుంది. మరైతే నా చేతిలోని రాడ్ కూడా అలాంటి నమూనాయే కదా? ఆమ్లానికి బదులు బోరు నీళ్లు, సెకన్లకు బదులు నెలలు. మైక్రోస్కోపు లేకుండా చూడగలిగేంత దూరం పోయింది, అంతే.

మా ఊరి సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి గుట్ట ఎక్కితే కింద పొలాలు పరుచుకుని ఉంటాయి. పాల్కురికి సోమనాథుడి ఊరని చూడటానికి వచ్చినవాళ్లను నేను ముందు పైకి తీసుకుపోయేది ఆ చూపు కోసమే. ఒక్కో మడి ఒక్కో ఆకారం, ఒక్కో వాలు. ఒక మడిలో వరి, పక్క చెలకలో పత్తి, మధ్యలో ఇద్దరికీ చెందిన గెట్టు. ఆమ్లంలో ముంచి ఎచింగ్ చేసిన మెగ్నీషియం ముక్కను చూసిన కంటికి ఇది కొత్త దృశ్యం కాదు. ప్రతి గ్రెయిన్‌లోనూ పరమాణువులు ఆరు మూలల అమరికలోనే వరుసలు తీరి ఉంటాయి, కానీ ఒక్కో గ్రెయిన్‌లో వరుసలు ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటాయి. రెండు దిక్కులు కలవక మిగిలిన సందే గ్రెయిన్ బౌండరీ. గెట్టు అంటే ఉత్త గీత కాదని ఈ ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు. చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖును ఎదిరించి తన పంటను నిలబెట్టుకున్నది ఈ నేల మీదే. గెట్టు దగ్గరే నీళ్లు ఆగుతాయి, గెట్టు దగ్గరే నీళ్లు పోతాయి, పంచాయితీలూ అక్కడే మొదలవుతాయి. మెగ్నీషియంలోనూ కథంతా గెట్టు దగ్గరే ఉంది.

ఎక్కువగా పోతపోసే మిశ్రలోహం ఏజెడ్91నే తీసుకుంటాను. తూకంలో 9 శాతం అల్యూమినియం, 1 శాతం జింక్, మిగతాదంతా దాదాపు మెగ్నీషియమే. కరిగిన ద్రవం చల్లారేటప్పుడు ముందు గడ్డకట్టే గ్రెయిన్లు అల్యూమినియంను తక్కువగా ఉంచుకుని మిగిలినదాన్ని ద్రవంలోకి నెట్టేస్తాయి. చివరికి మిగిలిన ద్రవం గెట్ల దగ్గర గడ్డకడుతుంది, అక్కడ పదిహేడు మెగ్నీషియం పరమాణువులకు పన్నెండు అల్యూమినియం పరమాణువుల చొప్పున ఒక కొత్త పదార్థం పుడుతుంది. దాన్ని బీటా ఫేజ్ అంటారు. ఉప్పు నీళ్లలో ఇది చుట్టూ ఉన్న గ్రెయిన్ కంటే గట్టిగా నిలబడుతుంది. నిలబడితే మంచిదే కదా అనుకుంటాం. ఇక్కడే మెలిక. బీటా సన్నని గోడలా ఎక్కడా తెగకుండా గ్రెయిన్ చుట్టూ అల్లుకుని ఉంటే, క్షయం ఒక గ్రెయిన్‌ను తిని గోడ దాకా వచ్చి ఆగిపోతుంది. అదే బీటా ముక్కలు ముక్కలుగా, దూరం దూరంగా పడి ఉంటే, ప్రతి ముక్కా ఒక కాథోడ్. పక్కనున్న మెగ్నీషియంను ఆనోడ్‌గా మార్చి తినిపిస్తుంది. చుట్టూ ఉన్నదంతా కరిగిపోయాక, తనకు మాత్రం ఏమీ కాకుండానే, పట్టు తప్పి ఊడి పడిపోతుంది. గువాంగ్లింగ్ సాంగ్, ఆండ్రే అట్రెన్స్ 1999లో ప్రచురించిన సమీక్షలో ఈ రెండు పాత్రలనూ పక్కపక్కన పెట్టారు. కాపాడేదీ, తినిపించేదీ ఒకే పదార్థం. రసాయన సూత్రంలో ఒక్క పరమాణువు తేడా లేదు. ఎలా పరుచుకుని ఉన్నదీ, ఎంత ఎడంగా ఉన్నదీ, అంతే తేడా.

ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొట్టి త్వరగా చల్లార్చిన పోతలో గ్రెయిన్లు సన్నగా, బీటా దట్టమైన వలలా వస్తుంది. ఇసుక అచ్చులో తీరిగ్గా చల్లారిన పోతలో గ్రెయిన్లు పెద్దవై, బీటా ముద్దలు ముద్దలుగా వస్తుంది. ఒకే కుండలోని లోహాన్ని రెండు అచ్చుల్లో పోస్తే ఉప్పు నీళ్ల ముందు అవి రెండు వేర్వేరు లోహాల్లా నడుచుకుంటాయి. ఆ పోతను సుమారు 415 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే బీటా కరిగి గ్రెయిన్‌లో కలిసిపోతుంది. తినిపించేది పోయింది, అడ్డుపడే గోడా పోయింది. ఇప్పుడు లాభమా, నష్టమా? దాన్నే మళ్లీ తక్కువ వేడిలో నానబెడితే బీటా సన్నని పొరలుగా తిరిగి వస్తుంది, లెక్క మళ్లీ మారుతుంది. పరీక్షలో ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు రాసిన విద్యార్థికి నేనైతే మార్కులు వేయను. "ముందు ఎలా ఉండేది?" అని ఎదురు ప్రశ్న వేసిన విద్యార్థికి వేస్తాను.

కనపడే గోడల సంగతి ఇలా ఉంటే, మామూలుగా చూస్తే కనపడని ఇనుము సంగతి ఇంకోటి. మెగ్నీషియం ఘనరూపంలో ఇనుమును దాదాపుగా కరిగించుకోదు. ఎంత కొంచెం ఇనుము చేరినా ఎక్కడో ఒక చిన్న గడ్డగా విడిగా కూర్చుంటుంది. అది చాలా సమర్థమైన కాథోడ్, దాని మీద హైడ్రోజన్ ఏ ఇబ్బందీ లేకుండా పుడుతుంది. అమెరికాలో డౌ కంపెనీకి చెందిన హనవాల్ట్, నెల్సన్, పెలూబే అనే ముగ్గురు 1942లో ప్రచురించిన కొలతలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. స్వచ్ఛమైన మెగ్నీషియంలో ఇనుము పదిలక్షల్లో 170 వంతుల లోపు ఉంటే క్షయం మెల్లగా సాగుతుంది. ఆ గీత దాటిందా, ఒక్కసారిగా ఎగబాకుతుంది. నికెల్, రాగి కూడా ఇలాంటివే. 170 అంటే శాతంలో 0.017. ఈ లోహానికి చాలాకాలం పాటు ఉన్న చెడ్డపేరులో ఎంత భాగం దానిది, ఎంత భాగం దానిలో దూరి కూర్చున్న ఈ పిడికెడు ఇనుముది? లోహాన్ని శుభ్రం చేయడం మొదలుపెట్టాక, ఇనుము 0.005 శాతం మించని ఏజెడ్91డి వచ్చాక, ఉప్పు తుంపర పరీక్షలో అది పోత అల్యూమినియం రకాలు కొన్నింటికంటే మెరుగ్గా నిలబడింది. దానికి తోడు మాంగనీసు చిటికెడు వేస్తారు. అది ఇనుమును పట్టుకుని కొంత కుండ అడుక్కి దింపేస్తుంది, మిగిలినదాన్ని తనలో చుట్టేసి దాని పదును తగ్గిస్తుంది. ఇనుము అక్కడే ఉంటుంది, దాని పక్కన కూర్చునేవాళ్లు మారతారు. మాంగనీసు చేసే ఈ పని నాకు ఎంత చదివినా తనివి తీరనిది.

అమరిక వల్ల లోహం నడత మారుతుందని తెలుసుకోవడానికి మా వైపు వాళ్లకు మైక్రోస్కోపు అక్కర్లేకపోయింది. జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకును కొట్టి బొమ్మ తేల్చే విశ్వకర్మల పని చూశాను. కొడుతూ పోతే రేకు బిగుసుకుంటుంది, ఇంకా కొడితే పగులుతుంది. ఎక్కడ ఆపాలో చేతికి తెలుస్తుంది. ఆపి, నిప్పుల్లో కాల్చి, మళ్లీ మెత్తబడ్డాక మళ్లీ కొడతారు. ఆ కాల్పులో రేకులోకి వచ్చిందీ లేదు, పోయిందీ లేదు. అణిగి మెలిపడిన గ్రెయిన్లు పోయి కొత్త గ్రెయిన్లు పుట్టాయి. ఇత్తడిలో దాగిన ఆ బిగువు ఏం చేయగలదో మన దేశంలోనే తేలింది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ వర్షాకాలంలో నిల్వ ఉంచిన తూటాల ఇత్తడి గొట్టాలు, ఎవరూ ముట్టకుండానే నిలువునా పగిలేవి. గుర్రపుశాలల నుంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, గొట్టాన్ని సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి గెట్ల వెంట చీల్చాయి. మూర్, బెకిన్సేల్, మల్లిన్సన్ 1921లో దీని గుట్టు విప్పారు. మందు మళ్లీ నిప్పే, తక్కువ వేడిలో కాల్చి బిగువు తీసేయడం. పెంబర్తి పనివాళ్ల సుత్తి కింద ఈ జ్ఞానం ఎప్పటి నుంచో ఉంది. దాన్ని మా సిలబస్‌లో ఒక్క పేజీలోనైనా ఎందుకు పెట్టలేదన్నది నాకిప్పటికీ బాధే.

గ్రెయిన్ ఎంత సన్నగా ఉంటే అంత మేలు అని ఇక తేల్చేయవచ్చా? తేల్చేయాలనిపిస్తుంది. సన్నని గ్రెయిన్లు బలాన్నీ ఇస్తాయి, తటస్థమైన ఉప్పు నీళ్లలో చాలాసార్లు క్షయాన్నీ తగ్గిస్తాయి. నూజివీడు ట్రిపుల్ ఐటీలో పాఠాలు చెప్పిన బి. రత్న సునీల్, మద్రాసు ఐఐటీ సహచరులతో కలిసి 2014లో ప్రచురించిన పని నాకు ఇష్టం. గిరగిర తిరిగే ఉక్కు పనిముట్టును మెగ్నీషియం పలకలోకి దింపి, కరిగించకుండానే కలియతిప్పుతారు. దానితోపాటు ఎముకలో ఉండే హైడ్రాక్సీఅపటైట్‌ను నానో పొడిగా కలుపుతారు. పెద్ద పెద్ద గ్రెయిన్లు కొన్ని మైక్రాన్లకు చిన్నబోతాయి, ఒంటి ద్రవాన్ని పోలిన ద్రావణంలో కరగడం నెమ్మదిస్తుంది. బాగుంది. కానీ పుస్తకాలు తిరగేస్తూ పోతే ఇందుకు విరుద్ధమైన ఫలితాలూ తగులుతూనే ఉంటాయి. గ్రెయిన్లను సన్నం చేసే పనిలోనే లోపల బిగువు మిగిలిపోవచ్చు, ఇనుము గడ్డలు కొత్త చోట్లకు చెదిరిపోవచ్చు, వరుసల దిక్కులు మారిపోవచ్చు. పరమాణువులు అతి దట్టంగా పేర్చుకున్న తలం నీళ్ల వైపు తిరిగి ఉంటే కరగడం తక్కువ, అడ్డంగా తిరిగి ఉంటే ఎక్కువ. ఏ మార్పు వల్ల ఏ ఫలితం వచ్చిందో విడదీసి చెప్పడం కష్టం. ఒక్కటే మార్చాం అనుకుంటాం. లోహంలో ఒక్కటే మార్చడం ఎప్పుడైనా సాధ్యమైందా? హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రంలో మెగ్నీషియం మీద మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్ పూతలు వేసి చూశారు. ద్రావణంలో ముంచి పెద్ద వోల్టేజీ పెడితే ఉపరితలమంతా చిన్న చిన్న నిప్పురవ్వలు లేచి పింగాణీ లాంటి గట్టి పొర కడుతుంది. రెండు లోహాల మిశ్రమం మీదా, మూడు లోహాల మిశ్రమం మీదా ఆ పొర ఎలా నిలుస్తుందో పక్కపక్కన పోల్చారు. పోల్చాల్సి వచ్చిందంటేనే తెలుస్తోంది, పైన కప్పిన పొర కూడా కింద ఉన్నదాన్ని బట్టే ఉంటుంది.

అసలు ఈ లోహం మొదటి నుంచీ లెక్కకు లొంగని మొండిది. చాలా లోహాల్లో ఆనోడ్ వైపు వోల్టేజీ పెంచితే కరగడం పెరిగి హైడ్రోజన్ తగ్గుతుంది. మెగ్నీషియంలో రెండూ పెరుగుతాయి. ఈ వింతను నూటయాభై ఏళ్లకు పైగా చూస్తున్నారు, దాని మీద ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇటీవలి కొలతల్లో ఒక సంగతి స్పష్టంగా తేలింది. ఒకసారి తిని నల్లబడిన చోటు చల్లబడి ఊరుకోదు, తానే కాథోడ్‌గా మారి ముందుకు పాకుతున్న అంచును తినిపిస్తుంది. నా రాడ్ మీద గుంటల పక్కనే ఉన్న నలుపును మళ్లీ చూశాను. ఇప్పటిదాకా దాన్ని జరిగిపోయినదాని గుర్తుగా మాత్రమే చూస్తున్నాను. అది తగువులో ఒక పక్షం.

ఇదంతా నాకు ఎందుకింత ముఖ్యమైందో చెప్పాలి. మా మేనకోడలికి మడమ దగ్గర ఎముక విరిగితే లోహపు ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. అతుక్కున్నాక వాటిని తీయడానికి మళ్లీ కోత, మళ్లీ మత్తు, మళ్లీ మంచం. అందరికీ తీయాల్సిన పని లేదంటారు కానీ ఆ పిల్లకు తీయాల్సి వచ్చింది. పని చేసినంతకాలం ఉండి ఆ తర్వాత ఒంట్లోనే కరిగిపోయే లోహం కోసం వైద్యులు వెతుకుతున్నది ఇందుకే, వెతుకులాట ఆగేది తరచుగా మెగ్నీషియం దగ్గరే. మన ఒంటికి అది పరాయిది కాదు, ఎముకల్లో ఉన్నదే. అల్బిన్ లాంబోట్ అనే బెల్జియం వైద్యుడు 1906లోనే ఒక పదిహేడేళ్ల పిల్లవాడి కాలికి మెగ్నీషియం ప్లేటు వేశాడు. ఎనిమిది రోజుల్లో ప్లేటు ముక్కలై, చర్మం కింద గాలి నిండింది. దాన్ని బిగించింది ఉక్కుతో. గీజరులో ఉక్కు తొట్టి పక్కన రాడ్‌కు ఏమవుతుందో ఆ కాలిలో ప్లేటుకు అదే అయింది. వంద సంవత్సరాలు దాటాక, 2013లో, యిట్రియం, ఇతర అరుదైన లోహాలు కలిపిన జర్మన్ మెగ్నీషియం స్క్రూ ఒకటి యూరప్‌లో అమ్మకానికి అనుమతి పొందింది. ఈ రెంటి నడుమ జరిగినదంతా ఇనుమును వెళ్లగొట్టడం, గెట్లను సరిచేయడం, గ్రెయిన్‌ను సన్నం చేయడం.

మేనకోడలికి ఆపరేషన్ చేసిన డాక్టరును అడిగాను, ఎంతకాలం ఉంటే చాలు అని. "మూడు నెలలు కదలకుండా పట్టుకోవాలి. ఆ తర్వాత పోతే పోనీ, కానీ మెల్లగా పోవాలి, గాలి బుడగలు రావద్దు" అన్నాడు. వైద్యుడికి అది చిన్న వాక్యం. లోహం చేసేవాడు దాన్ని గ్రెయిన్ ఎన్ని మైక్రాన్లు, రెండో ఫేజ్ ఎంత, ఎక్కడ, ఇనుము పదిలక్షల్లో ఎన్ని వంతులు అన్న మాటల్లోకి మార్చుకోవాలి. మార్చడానికి చేతిలో ఉన్నవి చాలావరకు బీకరులో ఉప్పు నీళ్ల లెక్కలు. 2006లో ఫ్రాంక్ విట్టే బృందం ఏజెడ్91డిని, ఎల్ఏఈ442 అనే లిథియం కలిసిన మరో మిశ్రలోహాన్ని బీకరులోనూ, గినీపందుల తొడ ఎముకల్లోనూ పెట్టి పోల్చింది. ఎముకలో క్షయం బీకరులో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ వచ్చింది. అంతకన్నా పెద్ద సంగతి, ఏది మేలు అన్న వరుస కూడా తారుమారైంది. బీకరు మెచ్చుకున్న లోహాన్ని ఎముక మెచ్చుకోలేదు. ఎముకలో ఉన్నది ఉప్పు ఒక్కటే కాదు, ప్రొటీన్లున్నాయి, కణాలున్నాయి, రోజంతా పారే రక్తం ఉంది. వాటిలో ఏది ఏ గెట్టు దగ్గర చేరి ఏం చేస్తుందో కొలవనిదే డాక్టరు చెప్పిన మూడు నెలలకు సరిపోయే గ్రెయిన్‌ను ఎవరూ గీసి ఇవ్వలేరు. ఎన్.ఐ.టి.లో ఇప్పుడు మెటలర్జీ చదువుతున్న మా ఊరి అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు ఆ రాడ్‌ను చేతికిచ్చి ఇదంతా చెప్పాను. అంతా విని, "సార్, తినని వైపు కోసి చూసిన్రా?" అని అడిగింది. చూడలేదు. నేను ఇన్నాళ్లూ తిన్న వైపే చూస్తున్నాను. ఆ రాడ్‌లో మిగిలిన లావు ముక్కను కోయించి ఆమెతో లాబ్‌కు పంపాను, నీళ్లు తగలనీయవద్దని చెప్పి.